గుమ్మంలో ఎదురు

ఆదివారం పొద్దున్నే ఆరింటికి మేస్త్రి ముందుగదిలో పీట వేసుకుని కళ్లు మూసుకున్నాడంటే, ఏడింటిదాకా ఆ ఇంట్లో చెంచా కూడా చప్పుడు చేయకూడదు. ఆయన బల్లలూ కుర్చీలూ చేసే వడ్రంగి. తాగుడు మాని పన్నెండేళ్లయింది. మానిన కొత్తలో చేతులు వణికి, ఉలి పట్టుకోలేక ఏడ్చిన మనిషి, ఇప్పుడు తాగుడు మానాలనుకునేవాళ్ల శనివారం మీటింగుకు కొత్తగా వచ్చేవాళ్లకు ధ్యానం నేర్పుతున్నాడు. సంతోషమే. కానీ ఈయనగారి మనశ్శాంతి కోసం ఇంటిల్లిపాదీ మునివేళ్ల మీద నడవాలంటే ఒళ్లు మండదా?

ఆ ఆదివారం ఆయన భార్య కుట్టుమిషను ముందు కూర్చుంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పాత మిషను అది, తొక్కితే వీధి చివరిదాకా వినబడుతుంది. పీటకు రెండడుగుల దూరంలోకి జరుపుకుని మరీ తొక్కింది.

గంట ఆగితే కొంపలేం మునిగిపోవుగా అని మేస్త్రి కళ్లు తెరవకుండానే నెమ్మదిగా అడిగాడు. ఈమధ్య ఆయన ఏదడిగినా నెమ్మదిగానే అడుగుతున్నాడు. ఆ నెమ్మదే ఆవిడకు పుండు మీద కారం.

సంగతి ముందురోజుది. పన్నెండేళ్లు నిండాయని మీటింగులో ఆయన చేత మాట్లాడించారు. భార్యనూ, సెలవు మీద వచ్చిన కూతురినీ ముందు వరసలో కూర్చోబెట్టారు. "నా భార్య భూదేవి. నన్ను ఎప్పుడో క్షమించేసింది. ఇవాళ్టికీ నేను పని నుంచి రాగానే గుమ్మంలోకి ఎదురొచ్చి, దగ్గరగా నిలబడి, సంచీ అందుకుంటుంది. నాకు దేవుడు అక్కడే కనిపిస్తాడు" అన్నాడు. చప్పట్లు మోగాయి. కొందరు కళ్లు కూడా తుడుచుకున్నారు.

తర్వాత టీ ఇస్తుండగా ఒక పడుచుపిల్ల వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. పెళ్లయి రెండేళ్లు కూడా అయ్యుండదు, భర్తను మొదటిసారి అక్కడికి తీసుకొచ్చింది. ఆ పిల్ల మణికట్టు కమిలిపోయి ఉంది. మీలాగా క్షమించడం తనకు చేతకావడం లేదనీ, లోపం తనలోనే ఉందేమోననీ అంది. ఏం చెప్పాలో తోచక ఆవిడ నవ్వి ఊరుకుంది. అప్పటినుంచీ ఆ నవ్వు గొంతులో ముల్లై కూర్చుంది.

ఆవిడ మిషను ఆపింది. "మిమ్మల్ని క్షమించానని నేనెప్పుడు చెప్పాను?"

మేస్త్రి కళ్లు తెరిచాడు. "ప్రత్యేకంగా చెప్పాలా? రోజూ గుమ్మంలోకి వస్తావుగా."

"వాసన చూడటానికొస్తాను."

ఆయనకు ఆ మాట వెంటనే ఎక్కలేదు.

"పన్నెండేళ్లుగా రోజూ అంతే. సంచీ వంకతో మీ నోటి దగ్గరికొస్తాను. రంపపు పొట్టు వాసన తప్ప ఇంకేం లేదని తేలాకే నాకు ఊపిరాడుతుంది. అక్కడ మీకు దేవుడు కనిపిస్తున్నాడేమో. నాకు మాత్రం భయమే."

మేస్త్రి సాయం కోసం కూతురి వైపు చూశాడు. వంటింటి తలుపు దగ్గర నిలబడ్డ కూతురు తల దించుకుంది. "అమ్మ ఇంట్లో లేనిరోజున నేను చూసేదాన్ని నాన్నా" అంది. "పరీక్షలప్పుడు కూడా."

మేస్త్రి అలవాటుకొద్దీ, కోపం మోసేవాళ్లకే బరువు, గతాన్ని వదిలేయాలి అని మొదలుపెట్టాడు. అదిగో, అక్కడే ఆవిడకు తిక్క రేగింది.

"ఊళ్లో అందరి దగ్గరికీ వెళ్లి తప్పైపోయిందని చెప్పుకున్నారు. కలప కొట్టాయనకు చెప్పారు. పక్కింటివాళ్లకు చెప్పారు. మీరు తన్నిన వాళ్ల కుక్కకు కూడా బిస్కెట్లు పెట్టొచ్చారు. నా దగ్గరికి మాత్రం రాలేదు. భూదేవిని చేసి కూర్చోబెట్టారు, నోరెత్తదు కదా అని. దెబ్బలు తిన్న ఆ పిల్ల, మీ మాటలు విని లోపం తనదే అనుకుంటోంది."

మేస్త్రి పీట దిగి నేల మీద కూర్చున్నాడు. "చెప్పు" అన్నాడు.

ఆవిడ చెప్పింది. కూతురు పుట్టిన రోజున ఆయన ఆస్పత్రి మెట్ల మీద ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, పచ్చి బాలింత అయిన తను కిటికీలోంచి చూసి, ఆయనెవరో తెలియదని నర్సుతో అబద్ధమాడిన సంగతి మొదలుకొని అన్నీ చెప్పింది. మధ్యలో ఆయన కళ్లు మూసుకోబోతే "తెరవండి" అంది. తెరిచాడు. నీళ్లు కారుతున్నా తెరిచే ఉంచాడు. ఇన్నేళ్ల ధ్యానంలో ఆయన ఏనాడూ అంత కష్టపడి కూర్చోలేదు.

మరుసటి శనివారం మీటింగులో ఆయనే లేచాడు. "పోయినవారం నేను చెప్పింది నిజం కాదు. నా భార్య నన్ను క్షమించలేదు. ఆవిడ్ని అడక్కుండా నన్ను నేనే క్షమించేసుకున్నాను" అన్నాడు.

చప్పట్లు లేవు. వెనక వరసలో ఉన్న ఆ పడుచుపిల్ల తలెత్తి చూసింది. మేస్త్రి భార్య వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. "నాకూ చేతకాలేదమ్మా. నీలో ఏ లోపమూ లేదు" అని చెప్పి, మొగుడు ఇంకోసారి చెయ్యెత్తితే తిన్నగా తమ ఇంటికి వచ్చెయ్యమంది. ఇంటి గుర్తులు రెండుసార్లు చెప్పింది.

ఇంటికొచ్చాక ఆవిడే తాళం తీసి లోపలికి వెళ్లింది. వెనక్కి తిరిగి చూస్తే మేస్త్రి గుమ్మం బయటే ఆగి ఉన్నాడు. చేతిలో సంచీ లేదు. ఏమీ అడగకుండా అలా నిలబడ్డాడు.

ఆవిడ ఎదురొచ్చింది. ఈసారి ఏ వంకా లేకుండా, ఆయన చూస్తుండగానే, తీరిగ్గా వాసన చూసింది.

"మూడు టీలు తాగారు" అంది.

"రెండే" అన్నాడు ఆయన.

"రేపు కూడా చూస్తాను."

"చూడు."

ఆవిడ కళ్లు తుడుచుకుని, పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.