అటక మీది కొత్త టైరు

చిట్టి వాళ్ళ నాన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాడు. ఆయన రిటైరయ్యాక స్టోర్స్ ఇంటికొచ్చేసింది. అటక మీద స్విచ్చులు, కుళాయి తలలు, ఎవరూ అడగని కొలతల్లో మేకులు, అన్నీ కవర్లలో కట్టి వరసగా ఉంటాయి. ఆ ఆదివారం ఉదయం అక్కణ్ణుంచి ఒక టైరు కిందికి దిగింది.

"చూడు, చుట్టిన కాగితం కూడా విప్పలేదు," అన్నాడు దాన్ని అరుగు మీద దొర్లిస్తూ. "ఎప్పుడో డిస్కౌంట్‌లో కొని పడేశా. ఇప్పుడు పనికొచ్చిందా లేదా?"

"మీ స్టోర్స్‌లో కొత్త మోకాళ్ళుంటే నాకో జత ఇప్పించండి," అంది తల్లి హెల్మెట్ తుడుచుకుంటూ.

ఆమె ఒక ల్యాబ్ తరఫున బైకు మీద ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిల్స్ తీసుకొస్తుంది. పరగడుపున ఎదురుచూసే ముసలివాళ్ళకి, ఆమె వచ్చి సూది గుచ్చాకే కాఫీ. వీధుల్లో పిల్లలు ఆమెను సూదమ్మ అంటారు, ఆమెకు ఆ పేరు ఇష్టమే. నడిపేది ఆమె, బైకు బాగోగులు ఆయనవి. వెనక టైరు నున్నగా అరిగిపోయిందని ఆమె చెబితే ఆయన మెకానిక్‌ని కూడా పిలవలేదు. టైరు ఊడదీసే రెండు లివర్లు పట్టుకుని తనే కూర్చుని కొత్తది ఎక్కించాడు.

ఆ వారంలోనే వాన పడింది. మలుపులో బ్రేకు వేయగానే బైకు వెనక భాగం పక్కకు జారింది. ఆమె మోకాలు చీరుకుపోయింది. శాంపిల్స్ పెట్టె మూత ఊడి రక్తం ట్యూబులు రోడ్డు మీద పగిలాయి. ఆ రక్తం ఇచ్చినవాళ్ళలో ఒకావిడకు నరం దొరకడమే గగనం. ఆవిడ చేతికి మళ్ళీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక తల్లి తన మోకాలి ఊసెత్తలేదు, ఆ చెయ్యి గురించే మాట్లాడింది.

"బ్రేకు ఎప్పట్లాగే వేశానండీ. గట్టిగా కూడా తొక్కలేదు. అయినా జారిపోయింది."

"కొత్త టైరు ఎందుకు జారుతుంది?"

"ఏమో మరి."

"నీకూ వయసొస్తోంది. కాళ్ళూ చేతులూ మునుపటిలా మాట వినవు. ఒప్పుకో."

టైరు కొత్తది కాబట్టి, పాతబడింది అమ్మేనని ఇంట్లో తేలిపోయింది. చిట్టి కూడా ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే, "అవునమ్మా, ఇంక తిరిగింది చాల్లే," అంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఏదైనా చెడిపోతే ముందు ఈ మధ్య ఏం మారిందో చూడండని ఆఫీసులో అందరికీ చెబుతుంటుంది. ఇంట్లో ఆ మాట గుర్తు రాలేదు.

తర్వాత కూడా ఒకట్రెండు సార్లు బైకు జారబోయింది. తల్లి మెల్లగా నడపడం మొదలుపెట్టింది, ఆ తర్వాత మరీ మెల్లగా. ఏమ్మా, ఇంకా ఎంతసేపు పస్తుండాలని ఇళ్ళ నుంచి ఫోన్లు. చివరికి ఆమే ల్యాబ్‌లో అడిగి, ట్యూబులకు స్టిక్కర్లు అంటించే కుర్చీ పని మాట్లాడుకుంది. బైకు కొంటానని ఒకాయన శనివారం వస్తానన్నాడు.

ఆ శనివారం తండ్రి బైకు కడుగుతున్నాడు. చిట్టి కిటికీలోంచి చూసేసరికి బ్రష్షు ఆగిపోయి ఉంది. ఆయన గొంతుక్కూర్చుని బొటనవేలి గోరుతో వెనక టైరు నొక్కాడు. వెళ్ళి ముందు టైరు నొక్కాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. చిట్టి బయటికొచ్చింది.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదు. ఆ కుళాయి కట్టెయ్."

బురద పోయినచోట టైరు పక్కభాగం మీద నాలుగంకెలు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. "ఇదేంటి?" అంది.

ఆయన ఆ అంకెలు వేలితో తడుముతూ చెప్పాడు. "తయారైన తేదీ. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం."

అది చిట్టి కాలేజీలో చేరిన సంవత్సరం.

"గాట్లు చూడు, ఎంత లోతుగా ఉన్నాయో," అన్నాడు ఆయన. "కానీ గోరు దిగట్లేదు. రబ్బరు వాడకపోయినా ఎండిపోతుందే. అందులోనూ అటక మీద వేడికి. స్టోర్స్‌లో డేటు దాటిన రబ్బరు వాషరు ఒక్కటి బయటికి వదిలేవాణ్ణి కాదు. కొత్తవే కదా సార్ అంటే తిట్టేవాణ్ణి."

"అమ్మకి చెప్పు."

ఆయన బ్రష్షు బకెట్లో ముంచాడు. "ఇప్పుడు చెప్తే మళ్ళీ రోడ్డెక్కుతుంది. కుర్చీ పని దొరికింది కదా, హాయిగా కూర్చోనీ. టైరు సంగతి కొనేవాడికి చెప్తాలే."

"కొనేవాడికి చెప్తావు, అమ్మకి చెప్పవా?"

"ఆ రోజు ఫోన్ నీకు రాలేదు, నాకొచ్చింది. ఎవరో, మీ ఆవిడ పడిపోయిందండీ అన్నాడు. అంతే, లైను పోయింది. నేను అక్కడికి వెళ్ళి, అది లేచి కూర్చోవడం చూసేదాకా..." అని ఆపేశాడు.

చిట్టి కోపం కొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. "భయమేస్తే భయమని చెప్పు నాన్నా. చేతులు మాట వినవని అమ్మని నమ్మించి కూర్చోబెడతావా? నేనూ నీకు తోడయ్యాను. ఇప్పుడు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆయన చేతులు కడుక్కుని లోపలికి నడిచాడు. తల్లి వంటింట్లో శాంపిల్స్ పెట్టె తుడుస్తోంది, ల్యాబ్‌కి తిరిగి ఇచ్చేయడానికి.

"వచ్చేశాడా బైకాయన?"

"లేదు. నువ్వు ఆ రోజు పడింది నీ వల్ల కాదు."

"మళ్ళీ ఇప్పుడెందుకండీ ఆ గొడవ?"

"అది కొత్త టైరు కాదు. వాడలేదంతే. ఎండి రాయైపోయింది. తడి రోడ్డు మీద నువ్వే కాదు, ఎవరు నడిపినా జారేది. తేదీ చూడకుండా ఎక్కించింది నేను."

ఆమె గుడ్డ పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుంది. కుడి చెయ్యి చాపి, తిప్పి చూసుకుంది.

"మొన్న ఒకాయనకి సూది గుచ్చుతుంటే ఈ చెయ్యి వణికింది," అంది. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ వణకలేదు. మీరంతా అన్నాకే మొదలైంది."

అప్పుడు ఏడ్చింది. మోకాలు చీరుకుపోయినప్పుడు కూడా ఏడవని మనిషి. ఆయన ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"నాకు భయమేసింది," అన్నాడు. "అందుకే వయసన్నా."

"భయమనే అనొచ్చుగా."

"అంటే నువ్వు వినవుగా."

"వినను," అంది మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "కానీ ఇలా ఏడ్చేదాన్ని కూడా కాదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ చిట్టి, "అమ్మా, నేను కూడా..." అని మొదలుపెట్టింది.

"నీ సంగతి తర్వాత చూస్తా. ముందు ఆ బైకాయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పు."

సాయంత్రం ముగ్గురూ టైర్ల షాపుకి వెళ్ళారు. షాపాయన రెండు టైర్లు తెచ్చి గోడకి ఆనించాడు. "ఇది గట్టి రబ్బరండీ, చాలా కాలం వస్తుంది. ఇది కాస్త మెత్తది. తడిలో బాగా పట్టుకుంటుంది, కానీ త్వరగా అరిగిపోతుంది."

తండ్రి చెయ్యి తనంతట తనే మొదటిదాని వైపు వెళ్ళింది. మధ్యలో ఆగింది. ఆయన వంగి, ఫోన్ లైటు వేసి, రెండింటి మీదా అంకెలు చదివాడు. "రెండూ ఈ ఏడాదివే. నువ్వు చూసుకో," అని భార్యతో చెప్పి వెనక్కి జరిగాడు.

ఆమె రెండింటినీ గోరుతో నొక్కి చూసి, మెత్తదాన్ని ముందుకు లాగింది.

"రోజూ తిరిగేవాళ్ళకి ఇది తొందరగా అరిగిపోతుందమ్మా," అన్నాడు షాపాయన.

"అరగనీ బాబూ," అంది ఆమె. "తిరగడానికే కొంటున్నా."