ఒక్క అక్షరం అప్రూవల్

రహస్య సందేశాలు మోసే కొరియర్ ఫోన్లో మందుల అలారం మోగింది. దాని కింద కొత్తగా గోరంత బటన్ కనిపించింది. "కాసేపాగి గుర్తుచేయమంటారా?" ఆయన నొక్కాడు. చేతిలో టీ చల్లారకముందే రెండు తూటాలు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాయి.

"అది ట్రయల్," అన్నాడు చీఫ్ పక్కనున్న ఏజెంట్‌తో, కారు అద్దం ఎత్తుతూ. "నొక్కగానే లొకేషన్ శత్రువుల సర్వర్‌కి పోతుంది. ఈ సాయంత్రం ఐదుకి ఆ బటన్ అందరి ఫోన్లలోకీ వస్తుంది. సరిహద్దు అవతల ఆ మందుల యాప్ వాడేది మనవాళ్ళు ఏడుగురే. వాళ్ళతో మనకున్న ఒకే ఒక్క లైను అది, అందులో ఏ హెచ్చరిక పంపినా ఇప్పుడు శత్రువులు చదివేస్తారు."

"యాప్ ఆపేస్తే?"

"మనకి తెలిసిపోయిందని శత్రువులకి అర్థమవుతుంది. దారులన్నీ మూసి గాలిస్తారు. బటన్ ఉండాలి. మనవాళ్ళు నొక్కకూడదు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఆ ఏడుగురిలో మీ అక్కగారు కూడా ఉన్నారు."

డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంట్‌ని మంచుగడ్డ అంటారు. పోయిన ఏడాది పార్ట్‌నర్ శవాన్ని భుజాన మోసుకొచ్చినప్పటి నుంచి అతనికి కోపం రాదు, భయం వేయదు. అక్క మాట వినగానే గుండె దడదడలాడాలి. ఆడలేదు. అందుకు తనమీద తనకి అసహ్యం కలగాలి. అదీ కలగలేదు.

విగ్గు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, మెడలో 'టెక్స్ట్ రైటర్' అన్న ఐడీ కార్డు. యాప్ కంపెనీలోకి నేరుగా నడిచి వెళ్ళాడు. గడియారంలో కెమెరా ఉంది, పెన్నులో మత్తుసూది ఉంది. రెండింటికీ పని తగల్లేదు. బటన్ కోడ్ డిజైన్ హెడ్ గుప్పిట్లో ఉంది. బటన్ మీద రాసే మాటలు మాత్రమే అతని పని. వాటికి కూడా ఆమె ఓకే కావాలి.

డిజైన్ హెడ్ అంటే ఆ ఫ్లోరంతా పడిచస్తుంది. పట్టు స్కార్ఫ్, సొట్టబుగ్గ. ఇటు డిపార్ట్‌మెంట్‌కీ అటు శత్రువులకీ సమాచారం అమ్మే డబుల్ ఏజెంట్ ఆమే. పుట్టింది పరదేశంలో. మన భాష క్లాసులో కూర్చుని, ఫస్ట్ క్లాసులో పాసై నేర్చుకుంది.

"టైమ్ లేదు. ఏంటి?" అంది గడియారం చూస్తూ.

"బటన్ మీద మాట మార్చాను మేడమ్. 'గుర్తుచేయమంటావా?'"

ఆమె స్క్రీన్ మీదికి వంగింది. "'రా' తీసేసి 'వా' పెట్టారు. ఎందుకు?"

"కుర్రకారుకి దగ్గరగా ఉంటుందని."

ఆమె ఆలోచించింది.

"చనువుగా ఉంది. బాగుంది!" అంటూ అప్రూవ్ నొక్కింది. మరుక్షణం ఫ్లోరంతా అలారాలు మోగాయి. ఐదయింది.

చీఫ్ నిన్న చేరిన డ్రైవర్‌ని కూడా మీరు అనే మనిషి. డిపార్ట్‌మెంట్ పంపే ప్రతి సందేశంలోనూ అదే మర్యాద. 'నువ్వు' అని వచ్చిందంటే, ఆ లైను పరాయివాళ్ళ చేతిలో పడిందని అర్థం. ముట్టుకోకూడదు, ఫోన్ పారేసి వచ్చేయాలి. ఫీల్డుకి వెళ్ళేవాళ్ళకి ఈ రూల్ చెవిలోనే చెబుతారు, కాబట్టి ఆమెకి అమ్ముకునే అవకాశం దొరకలేదు.

డ్యాష్‌బోర్డ్ మీద సరిహద్దు అవతల బటన్ నొక్కినవాళ్ళ లెక్క సున్నా దగ్గరే ఉండిపోయింది. ఆమె రిఫ్రెష్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. సొట్టబుగ్గ మాయమైంది.

"ఎవరూ నొక్కరేంటి?"

"కింద కారు ఉంది. రండి మేడమ్," అన్నాడు మంచుగడ్డ. ఆమెని పట్టుకున్నానన్న సంతోషం కోసం లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు.

ఎవరికీ అనుమానం రాకూడదని మర్నాడూ అదే వేషంలో కంపెనీకి వెళ్తే, మేనేజర్ పిలిచి ఫోన్ అతని ముందు పడేశాడు. నిండా ఒంటి స్టార్ రివ్యూలు. 'నా మనవడే నన్ను మీరు అంటాడు, నువ్వు అనడానికి ఈ యాప్ ఎవరు?' అని ఒక పెద్దాయన. 'మందులు మానేస్తాను గానీ ఈ మాట పడను' అని ఒక పెద్దావిడ.

"మర్యాద తెలీనోడికి రాతపని ఎవరిచ్చారు? కార్డు పెట్టేసి వెళ్ళండి," అన్నాడు మేనేజర్.

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. ఏడుగురూ సరిహద్దు దాటి ఇటు వచ్చేశారు. లైన్లో అక్క.

"ఏరా, అప్పుడే ఉద్యోగం ఊడిందా?"

"అవునక్కా. పెద్దాచిన్నా లేకుండా అందర్నీ నువ్వు అన్నానని." సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఏడాదిగా అలా ఎప్పుడూ జరగలేదు.

"నన్ను మాత్రం ఎన్నడు మీరు అన్నావురా నువ్వు?" అంది అక్క.