ఎడమకు తిరిగే ఇంజను

"నాలుగూ ఒకేసారి ఎవరు పీకమన్నారప్పా మిమ్మల్ని?"

భానుశ్రీకి ఒళ్లు మండిపోయింది. అంబాసిడర్ పాత ప్లగ్ వైర్లు నాలుగూ ఊడొచ్చి రఘునాథ్ కుడి చేతిలో వేలాడుతున్నాయి. ఎడమ చేతికి పుత్తూరు కట్టు. శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు వేసే మనిషి. మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుని, భానుశ్రీ నాయన ఏకాంబరం దగ్గర కట్టు కట్టించుకోవడానికి వారం వారం వస్తున్నాడు. వచ్చినవాడు మిగతా పేషెంట్లలాగా అరుగు మీద కూర్చోవచ్చు కదా. సాయం చేస్తానని దిగాడు.

"పాతవి తీసి కొత్తవి పెట్టేదే గదా?" అన్నాడు అమాయకంగా.

"ఒకటి తీసి, దాని జాగాలో కొత్తది పెట్టి, ఆ తర్వాత రెండోదాన్ని ముట్టుకోవాల. ఏది యాడిదో ఇప్పుడెట్ల తెలిసేది? ఈ పొద్దు కారు కదల్లేదంటే పాతసామాన్లోళ్లకి ఇచ్చేస్తానన్నాడు మా నాయన. వాళ్లొచ్చే టైమయింది."

వాళ్లమ్మ నడిపిన కారు అది. అమ్మ పోయాక ఆ స్టీరింగ్ పట్టుకున్నది భానుశ్రీ ఒక్కతే. ఆ మాట చెప్పబోయి, అతని చేతిలోని పాత వైర్లు లాక్కుంది. చెప్పలేకపోయినందుకు ఇంకా కోపం వచ్చింది.

రఘునాథ్ ఫోన్‌లో వెతికాడు. "ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇదీ ప్లగ్గులు మండే వరస. ఒకటోది యాడో చూపించండి, మిగతాది నేను చూసుకుంటా."

ఒక్కో ప్లగ్గుకీ కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత చుట్టూ కొత్త వైర్లు తనే గుచ్చాడు. భానుశ్రీ తాళం తిప్పింది. కారు గజగజ వణికి, సైలెన్సర్లోంచి ఢామ్మని పేలి ఆగిపోయింది. అరుగు మీద ఒక ముసలామె దండం పెట్టుకుంది.

"ఏ పక్కకి తిప్పి పెట్టినావు?" ఇందాకటి 'మీరు' ఎటో పోయింది. దాన్ని వెతికి తెచ్చే ఓపిక ఆమెకు లేదు.

"కుడి పక్కకే. గుడి చుట్టూ తిరిగినట్ల."

"ఇంజనుకు ప్రదక్షిణం చేసినావా? ఈ మూత కింద తిరిగేది ఎడమకు తిరుగుతాది. నీ భక్తితో దానికేం పని? మూడో వైరూ రెండో వైరూ మార్చు."

కొత్త వైర్లు బిర్రుగా ఉన్నాయి. రఘునాథ్ ఆదరాబాదరాగా రెండు చేతులా పట్టి లాగి, అటుది ఇటు గుచ్చాడు. ఈసారి తాళం తిప్పగానే ఇంజను హాయిగా అందుకుంది. భానుశ్రీ కళ్లు తుడుచుకుని దిగి చూసేసరికి, కట్టు కట్టిన చేయి ఇంకా వైరు మీదే ఉంది.

"ఆ చేత్తో లాగినావే. నొప్పి లేదా?"

రఘునాథ్ చేయి వెనక్కి దాచుకున్నాడు.

గేటు దగ్గర పాతసామాన్ల వాళ్లను పంపించేసి ఏకాంబరం వచ్చాడు. "ఎముక ఎప్పుడో అతుక్కున్యాది తల్లీ. ఇంక రావద్దంటే వినడు. నీతో ఎప్పుడు నోరు తెరుస్తాడా అని నేనూ కడతానే ఉండా. పిల్లోడు మంచోడు. నాకు సమ్మతమే, నీ ఇష్టం."

"అందరికీ తెలుసు, నాకు తప్ప. భలే ఉండాది." భానుశ్రీ రఘునాథ్ వైపు తిరిగింది. "నాకు చెప్పాల్సిన మాటకి గుడ్డ చుట్టుకోని తిరుగుతావా?"

"చెబుదామనే వచ్చేది. నువ్వు బానెట్లోంచి తలెత్తితే గదా."

"ఎక్కు. నగరి దాకా పోయొద్దాం. దోవలో చెప్పు."

రఘునాథ్ ఎక్కాడు. నగరి దాకా ఆగలేదు, కారు గేటు దాటుతుండగానే అన్నాడు. "భానూ, నువ్వంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందాం."

"ఇంజను చప్పుడుకి వినపళ్లా," అంది భానుశ్రీ కోపంగా. "ఇంకోసారి చెప్పు."