పరగడుపు రిపోర్ట్

“మళ్ళ పెంచిండ్రా?”

నిరోషా బిల్లును విసిరిన తీరుకు బల్ల మీది టెస్ట్ ట్యూబులు గలగలమన్నాయి.

ఎదురుగా ఐస్ బాక్స్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వినయ్ నవ్వబోయి, ఆమె కళ్ళు చూసి మానుకున్నాడు. వికారాబాద్‌లో వాళ్ళ నాన్న వీరేశంది ల్యాబ్ సామాన్ల ఏజెన్సీ. తాండూరులో నిరోషా నడిపే ఈ చిన్న ల్యాబ్‌కు టెస్టు కిట్లు రైల్లో మోసుకొచ్చేది వినయే.

“నేను పెంచలే మేడం. కంపెనీ పెంచింది. డాలర్ పెరిగిందంట, కిరాయి పెరిగిందంట...”

“మీ మాటలు గూడ పెరిగినయ్. గవి కూడా బిల్లుల వేసిండ్రా?”

“అవి ఫ్రీ మేడం.”

ఇంకోరోజైతే నవ్వేసేది. ఇవాళ నవ్వే స్థితిలో లేదు. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్లలో కూలీలు. పోయినసారి షుగర్ టెస్టు ధర కాస్త పెంచితేనే, ‘వచ్చే నెల చూపించుకుంటం బిడ్డా’ అంటూ చాలామంది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయారు. మళ్ళీ పెంచితే మిగిలినవాళ్ళూ రారు. పెంచకపోతే ల్యాబ్ నడవదు. హైదరాబాద్‌లో ఓ పెద్ద ల్యాబ్ ఉద్యోగం ఇస్తానంటోంది. ఎల్లుండిలోగా జవాబు చెప్పాలి.

“మీకింక ఫికర్ లేదు లెండి. షట్టర్ దించి హైదరాబాద్ పోతున్న.”

వినయ్ ముఖం మాడిపోయింది. గబగబా ఐస్ బాక్స్ మూత తీసి, పచ్చ రంగు డబ్బా ఒకటి ఆమె ముందు పెట్టాడు.

“గిది వేరే కంపెనీ షుగర్ కిట్టు. మస్తు తక్కువకు వస్తది. కాకపోతే ఒక్కసారే ఎక్కువ సరుకు కొనాలె. దోమ, కోట్‌పల్లి, కుల్కచర్ల ఊర్ల ల్యాబులోళ్ళతోని మాట్లాడిన. ‘నిరోషా మేడం పాస్ చేస్తె అందరం కలిసి కొంటం’ అన్నరు. మీరు ఎంత గట్టిగ పరీక్ష జేస్తరో అందరికి ఎరుకే.”

ఆమె డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. “తప్పు చూపిస్తె? పేషెంటు ప్రాణం మీదికొస్తది.”

“నా మీదనే చూడుండ్రి. మొన్ననే వికారాబాద్‌ల టెస్ట్ చేయించుకున్న. నాకు షుగర్ లేదు.” అప్పటికే చొక్కా చేయి మడిచేశాడు.

“పరగడుపేనా?”

“పొద్దుగాల సంది ఏం తినలే. ఒట్టు.”

సూది చూడగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“సూదికి గంత భయమా?”

“సూదికి కాదు. పట్టుకున్నోళ్ళకు.”

నరం కోసం అతని చేయి పట్టుకుంటే నాడి రైలింజన్‌లా కొట్టుకుంటోంది. అతనిదో, తనదో నిరోషాకు తేలలేదు.

కాసేపటికి మిషన్ మీద అంకె వెలిగింది. నూట యాభై! పరగడుపున నూరు దాటకూడదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

“మీ కిట్టు అబద్ధమాడుతున్నది వినయ్ గారూ.”

“పాత కిట్టుతోని పోల్చి చూడుండ్రి...”

“పాతది ఖతమైంది. కిట్టును సరిచూసే కంట్రోల్ సీసా గూడ ఖతమే. మీ ధరలు జూసి తెప్పించలే.”

వినయ్ ఐస్ బాక్స్ అక్కడే మరిచిపోయి మెట్లు దిగిపోయాడు.

నిరోషా ఫోన్ తీసి హైదరాబాద్ నంబరు వెతికింది. నొక్కబోతుంటే ఎదురు చాయ్ కొట్టు భీమమ్మ గ్లాసుతో వచ్చింది.

“గా ఐస్ డబ్బ పోరన్ని ఏమన్నవ్ బిడ్డా? ముఖం ఏలాడేసుకొని స్టేషన్ దిక్కు పోతుండు.”

“నేనేమంట? పరగడుపున వచ్చిండు, షుగర్ ఎక్కువ చూపించింది.”

“పరగడుపా? నా తాన రెండు చాయ్‌లు తాగె గదా! చక్కెర దండిగ ఏపించుకొని.”

నిరోషా చేతిలో ఫోన్ ఆగిపోయింది. “ఏం తినలేనని ఒట్టేసిండు!”

“తిన్నడా మరి? చాయ్ గూడ లెక్కనేనా బిడ్డా!”

“పొద్దుగాలనే రెండు చాయ్‌లెందుకు?”

“నన్నడుగుతవేంది? వచ్చినప్పుడల్లా మొదటి రైలుకే దిగుతడు. నీ షట్టర్ దిక్కు చూసుకుంట కూసుంటడు. నువ్వు షట్టర్ లేపినంక దువ్వెన తీస్తడు.”

నిరోషా స్కూటీ తాళం అందుకుంది.

ఆమె ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి రైలు కూత వేసింది. కిటికీ పక్కన వినయ్.

“రేపు మళ్ళ టెస్టు!” రొప్పుతూ అంది. “కంట్రోల్ సీసా పట్టుకొని మొదటి రైలుకే రాండ్రి. ఎట్లయినా దానికే వస్తరు గదా!”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “భీమమ్మ చెప్పిందా?”

“చాయ్ బంద్. ఆ కొట్టు కాడ కూసోవద్దు.”

“మరి మీరు షట్టర్ లేపేదాక యాడ కూసోవాలె?”

రైలు కదిలింది. నిరోషా దానితో పాటు నాలుగడుగులు నడిచింది.

“రేపు మీకంటే ముందుగాల్నే లేపుత!”

అన్నట్టే, మర్నాడు వినయ్ వచ్చేసరికి షట్టర్ తెరిచి ఉంది. ముందు కంట్రోల్ ద్రవాన్ని కొత్త కిట్టుతో పరీక్షిస్తే, అంకె సీసా మీద రాసినదానికి సరిపోయింది. తర్వాత అతని రక్తం. ఎనభై తొమ్మిది.

నిరోషా ముందు హైదరాబాద్‌కు ఫోన్ చేసి రానని చెప్పింది. తర్వాత దోమకు, కోట్‌పల్లికి, కుల్కచర్లకు.

“కిట్టు పాస్,” అంది ఫోన్ పెట్టేస్తూ.

“మరి నేను?”

ఆమె అతని వైపు చూడలేదు. గుమ్మంలోకి వెళ్ళి కేకేసింది. “భీమమ్మా! రెండు చాయ్‌లు. ఒకటి నాకు. రెండోదాంట్ల చక్కెర జర తక్కువెయ్యి.”

“పోరనికేం రోగం బిడ్డా, నిజంగనే షుగర్ ఉన్నదా?”

“లేదు. ముసలోడైనంక గూడ రావద్దు. అప్పుడు గూడ సూది నేనే గుచ్చాలె.”

వెనక వినయ్ దువ్వెన కోసం జేబులు తడుముకుంటున్నాడు.