నలభై ఎనిమిదో కిలోమీటరు

డెయిరీ గేటుకు అడ్డంగా ఆ లేత ఆకుపచ్చ పాతకాలం కారు ఆగిపోయేసరికి వెనకున్న నాలుగు పాల ట్యాంకర్లూ ఒక్కసారే హారన్ కొట్టాయి.

తెల్లకోటు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతిలో తనకంటే పొడవైన స్టీలు కడ్డీతో ఒకమ్మాయి విసవిసా వచ్చింది. ట్యాంకరులో కడ్డీ ముంచి పాలు ఎన్ని లీటర్లున్నాయో చెప్పడం ఆమె ఉద్యోగం. డెయిరీలో అందరూ కొలత మేడం అంటారు.

"కారు తీయండి."

"కదలట్లేదండీ," అన్నాడు స్టీరింగు పట్టుకుని కూర్చున్న యువకుడు.

"పెట్రోల్ ఉందా?"

"డెబ్బై శాతం."

"ట్యాంకులో డెబ్బై శాతం ఉందా?"

"కాదండీ. పెట్రోల్ ఉండడానికి డెబ్బై శాతం అవకాశం ఉంది."

ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది. "మీరేం చేస్తుంటారు?"

"వాతావరణ ఆఫీసులో పని. రేపు వాన పడుతుందో లేదో చెబుతుంటాను."

"ఓహో! నిన్న నన్ను తడిపింది మీరేనన్నమాట."

అతను తలొంచుకున్నాడు. కారు వాళ్ళ తాతగారిది. పెట్రోల్ ముల్లు సగం దగ్గర ఇరుక్కుని ఇరవై రెండేళ్ళయింది. దానికి సరిపోయే మీటరు ఇప్పుడెక్కడా దొరకదు. ఇంట్లో తలా ఒక పద్ధతి కనిపెట్టారు. బామ్మ వెనక సీట్లో కూర్చుని రెండుసార్లు ఎగిరి, గుడగుడ చప్పుడుని బట్టి చెప్పేది. నాన్న మూత తీసి వాసన చూసేవాడు. ఇతను మాత్రం నోటుపుస్తకం పెట్టి, తిరిగిన దూరంతోపాటు గాలివాటం, ఉక్కపోత కూడా రాసి లెక్క కట్టేవాడు. ముగ్గురిలో బామ్మే కాస్త నయం.

కొలత మేడం కోటు జేబులోంచి సన్నటి కడ్డీ తీసి, తుడిచి, ట్యాంకులో దించి పైకి లాగింది. కడ్డీ పొడిగా వచ్చింది.

"చుక్క లేదు."

"మిగతా ముప్పై శాతం అవకాశం అదేనండీ," అన్నాడతను, తన లెక్క నిజమైనంత సంబరంగా.

ఆమెకు నవ్వొచ్చింది. తాను కోపంగా ఉన్న సంగతి గుర్తొచ్చి, మొహం తిప్పుకుని, కారు తోయమని డ్రైవర్లను కేకేసింది.

మరుసటి వారం కారు మళ్ళీ ఆ గేటు దగ్గరే ఆగింది. ఆ పై వారం కూడా. డ్రైవర్లు అతనికి మబ్బులబ్బాయి అని పేరు పెట్టేశారు. నాలుగోసారి ఆమె కడ్డీ దించి తీస్తే జానెడు తడిసింది.

"పద్నాలుగు లీటర్లున్నాయి! మరెందుకు ఆగింది?"

"అది ఆగలేదండీ," అన్నాడు మబ్బులబ్బాయి, చెవులు ఎర్రబడుతుండగా. "నేనే ఆపాను."

వెనక ట్యాంకర్లు మోత మోగిస్తున్నాయి. ఆమె ఆ కడ్డీని అవసరం లేకపోయినా మూడుసార్లు తుడిచింది.

"రేపట్నుంచి పక్కకి ఆపండి," అంది చివరికి. "గేటుకి అడ్డంగా వద్దు."

అలా పక్కకి ఆపుతూ ఆపుతూ మూడు నెలలు గడిచాయి. సాయంత్రాలు ఇద్దరూ కారెక్కి చెరుకు తోటల దాకా వెళ్ళి వచ్చేవారు. వెళ్ళేముందూ వచ్చాకా ఆమె కడ్డీ ముంచేది. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లని తేలింది. గాలివాటం పేజీలు చింపించేసింది. చివరికి ఒకరోజు, "మా నాన్నతో మాట్లాడండి," అంది.

ఆ నాన్న నలభై ఏళ్ళు పాల ట్యాంకరు నడిపి రిటైరైన మనిషి. కుర్చీలో కూర్చున్నా ఒక చెయ్యి గేరు మీద ఉన్నట్టే ఉంటుంది.

"నా బండి ఒక్కనాడూ దారిలో ఆగలేదు. నువ్వు మా గేటు ముందే నాలుగుసార్లు ఆగావట. నీకు పిల్లనెలా ఇస్తాను?"

"నాలుగోసారి నేనే..."

"నేనే అనకు. ఎల్లుండి ఆదివారం అందరం నీ కారెక్కుదాం. ఎన్నో కిలోమీటరు దగ్గర పెట్రోల్ అయిపోతుందో ముందే చెప్పు. చెప్పిన చోట ఆగితే పిల్లనిస్తా. ఆగకపోతే లేదు."

"ఆగకపోతే మంచిదే కదండీ?"

"ఆగాలి. సరిగ్గా ఆగాలి," అన్నాడాయన.

ఆదివారం పొద్దున్నే కారు వాళ్ళ గుమ్మం ముందు నిలబడింది. పెట్రోల్ డబ్బా వెంట తేవడానికి వీల్లేదన్నాడు పెద్దాయన, అది నమ్మకం లేనివాళ్ళ పనట. కొలత మేడం కడ్డీ ముంచి, "ఆరు లీటర్లు," అంది. ఆమె మాటంటే డెయిరీలో తిరుగులేదు. మబ్బులబ్బాయి నోటుపుస్తకం తెరిచి అందరి బరువులూ అడిగాడు. పెద్దాయన తొంభై రెండు. కొలత మేడం వాళ్ళమ్మ దగ్గరకొచ్చేసరికి కాస్త ఆలస్యమైంది.

"అరవై," అందావిడ, ప్రహరీ గోడ కేసి చూస్తూ.

"నలభై ఎనిమిదో కిలోమీటరండీ. కాస్త అటూ ఇటూ..."

"అటూ లేదు, ఇటూ లేదు."

బయల్దేరారు. అంత మంది ఊపిరి బిగబట్టి, పెట్రోల్ అయిపోవాలని ఎదురుచూసిన ప్రయాణం మరొకటి ఉండదు. నలభై ఒకటో కిలోమీటరు దగ్గర, పొద్దుతిరుగుడు చేల మధ్య, కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పెద్దాయన ముందుకు వంగి దూరం మీటరు మీది అంకె చదివాడు. "నలభై ఒకటి."

"తప్పానండీ," అన్నాడు మబ్బులబ్బాయి.

అప్పుడు వెనక సీట్లోంచి సన్నగా, "డెబ్బై ఆరు," అని వినిపించింది.

"ఏమిటే డెబ్బై ఆరు?"

"నా బరువు," అంది వాళ్ళమ్మ. "అబ్బాయి తప్పేం లేదు. నేనే అబద్ధమాడాను."

"మొన్న డాక్టరు దగ్గర కూడా అరవై అన్నావు కదే!"

"ఆయనకీ అబద్ధమే చెప్పాను."

మబ్బులబ్బాయి అక్కడితో నోరు మూసుకుంటే గట్టెక్కేవాడు. కానీ లెక్క లెక్కే కదా. "పదహారు కిలోలకి ఏడు కిలోమీటర్ల తేడా రాదండీ," అనేశాడు.

"రాదు," అంది పక్కనుంచి కొలత మేడం. అందరూ అటు తిరిగారు. ఆమె మొహం కందిపోయింది. "తప్పు నాది. ట్యాంకులో ఆరు లేవు. అయిదుకి కాస్త పైన ఉండుంటాయి."

"నువ్వా? ఏడేళ్ళలో నీకు పావు లీటరు తేడా రాలేదే!" అన్నాడు పెద్దాయన.

"కడ్డీ సరిగ్గా చూడలేదు నాన్నా. అప్పుడే అతను చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకుని, పరీక్ష హాల్లో పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. అటే చూస్తూ ఆరని చెప్పేశాను."

మబ్బులబ్బాయి చొక్కా కేసి చూసుకున్నాడు. నిజమే, కాలరు ఒక పక్క చెవి దాకా వచ్చింది. అతనికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

పెద్దాయన కారు దిగి, చేను గట్టు దాకా నడిచి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడి తిరిగొచ్చాడు.

"దీని కొలతే తప్పిందంటే ఇక మనం అనేదేముందే," అన్నాడు భార్యతో.

అరగంటకి ఆ దారిన ఒక పాల ట్యాంకరు వచ్చింది. డ్రైవరు పెద్దాయన కింద పని నేర్చుకున్నవాడే. గురువుగారు రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపడం చూసి కళ్ళు నులుముకుని మరీ బ్రేకు వేశాడు. తాడు కట్టారు. కారు ట్యాంకరు వెనక బుద్ధిగా కదిలింది. ముందు సీట్లో మబ్బులబ్బాయి ఒక చేత్తో స్టీరింగు పట్టుకున్నాడు. రెండో చెయ్యి ఎక్కడుందో వెనకవాళ్ళకి కనబడదనుకున్నాడు.

"వచ్చే ఆదివారం మీ ఇంట్లోవాళ్ళని రమ్మను. ముహూర్తం మాట్లాడుకుందాం," అన్నాడు పెద్దాయన.

"తప్పకుండానండీ! బామ్మతో సహా అందరం కారులో..."

"బస్సులో," అన్నాడాయన.