నట్టు మీద ఎర్ర గీత

ఆ రోజు కూడా తెల్లారేసరికి మేస్త్రీ కారు కిందే ఉన్నాడు. వాకిట్లో పరిచిన అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు మాత్రం బయటపెట్టి, లోపల ఏదో టకటకా కొడుతున్నాడు. పది రోజులుగా ఇదే వరస. స్టీరింగ్ వదులైంది. ఇటు తిప్పితే బండి కాసేపు ఆలోచించుకుని గానీ తిరగడం లేదు. దానికి తోడు వణుకొకటి.

ఇరవై రెండేళ్ల కారది. దాని తోటివన్నీ ఎప్పుడో తుక్కు కింద అమ్ముడుపోయాయి. మేస్త్రీ చేతిలో పడబట్టి ఇది ఇంకా తిరుగుతోంది. ముప్పై నాలుగేళ్లు స్టీరింగ్ పనిలోనే చెయ్యి తిరిగిన మనిషి, షెడ్డు మూసేసి మూడేళ్లైనా వీధిలో అందరికీ ఇప్పటికీ మేస్త్రీయే. అలాంటివాడికి సొంత బండి లొంగలేదు. చక్రాల దగ్గర జాయింట్లు మార్చాడు, బుష్‌లు మార్చాడు, స్టీరింగ్ డబ్బా విప్పి మళ్లీ బిగించాడు. వణుకు వణుకే.

"టీ చల్లారిపోతోందండీ," అంది భార్య గుమ్మంలోంచి.

"పెట్టు అక్కడ."

"నిన్నటిదీ అక్కడే పెట్టాను. చీమలు తాగాయి."

ఇదివరకైతే "చీమలకైనా నచ్చిందిలే" అని ఏదో ఒక చురక అంటించేవాడు. ఇప్పుడు కారు కింద నుంచి టకటక చప్పుడొక్కటే వచ్చింది. ఆ చప్పుడు ఆమెకి గుండెల్లో గుచ్చుకుంది. ఎందుకంటే ఆ వణుకు ఎక్కడినుంచి వస్తోందో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

పెళ్లైన కొత్తలో ఆమెకో గోళ్లరంగు సీసా ఉండేది, ఎర్రది. మేస్త్రీ దాన్ని షెడ్డుకి పట్టుకుపోయాడు. బిగించిన ప్రతి నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి సన్నగా ఓ గీత గీసేవాడు. నట్టు కదిలితే గీత తెగుతుంది. తెగలేదంటే ఆ నట్టు జోలికి వెళ్లక్కర్లేదు. ఇన్నేళ్లూ అదే పద్ధతి. ఏడాదికో సీసా కొనుక్కొచ్చి "నీకే" అంటూ ఇస్తాడు, వారం తిరక్కుండా అది స్పానర్ల సంచిలో తేలుతుంది. "నా గోళ్లకి లేని సోకు మీ నట్లకి" అని ఆమె వేళాకోళం చేసేది. సెలవురోజుల్లో పక్కన కూర్చుని టార్చి పట్టీ పట్టీ ఆమెకీ పనంతా తెలిసిపోయింది.

ఆ తెలివే ఇప్పుడు కొంప ముంచింది.

రెండు నెలల కిందట ఇద్దరూ కార్లో వస్తుంటే మలుపులో మేస్త్రీ ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. కుడిపక్క నుంచి సైకిలు మీద ఏడెనిమిదేళ్ల పిల్ల, వీపున నీలం సంచీ. బండికీ ఆ పిల్లకీ మధ్య జానెడు దూరం. ఇంటికొచ్చి కూతురితో "కుక్క అడ్డమొచ్చిందమ్మా" అన్నాడు. పక్కనే ఉన్న ఆమె నోరెత్తలేదు. తర్వాత గేటుకి కుడివైపు అద్దం తగిలి పగిలింది. ఆ తర్వాత ఎదురింటి అరుగు గీసుకుంది. కంటి డాక్టరుకి చూపించడానికి ఆమె చీటీ రాయించుకొస్తే అతను రెండు ముక్కలు చేసి పడేశాడు. బతిమాలింది, అలిగింది, రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. గోడకి చెప్పుకున్నా ఒకటే, ఆయనకి చెప్పినా ఒకటే.

అందుకే పది రోజుల కిందట, అతను స్నానానికి వెళ్లిన సమయం చూసి, స్పానర్ పుచ్చుకుని కార్లో దూరింది. పెడళ్ల పైన, స్టీరింగ్ కడ్డీ రెండు ముక్కలూ కలిసే చోట ఒక బోల్టుంటుంది. దాని నట్టుని సరిగ్గా ఒక చుట్టు వదులు చేసింది. నిండు చుట్టు తిరిగిన నట్టు మళ్లీ మొదటి చోటికే వచ్చింది, గీతకి గీత కలిసిపోయింది. వణికే బండిని ఆయన రోడ్డెక్కించడు, ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వడు. నాలుగు రోజులు తంటాలు పడి, విసుగొచ్చి మూలన పెట్టేస్తాడనుకుంది.

బండి మూలన పడలేదు, మనిషే మూలన పడ్డాడు. నిన్న అన్నం ముందు కూర్చుని "చేతిలో పని పోయిందే" అన్నాడు మెల్లగా.  ఆమె గుట్టుచప్పుడు కాకుండా మళ్లీ బిగించేద్దామంటే ఆయన బండిని వదిలితే కదా.

టీ అక్కడ పెట్టేసి, తడిబట్టల బకెట్ పట్టుకుని మేడ మీదికి వెళ్లింది. దుప్పటి తాడు మీద వేస్తుంటే కింద కారు స్టార్టయింది. ఇంజను వేసి స్టీరింగ్ ఊపి చూసుకోవడం ఆయనకి రోజూ ఉన్నదే. క్లిప్పులు పెడుతూ ఉంది. ఆ చప్పుడు కాస్తా వీధి చివరికి వెళ్లిపోయింది.

బకెట్ వదిలేసి కిందికి దిగింది. వాకిట్లో అట్టముక్క, దాని మీద నూనె మరక. మేస్త్రీ మెట్టు మీద కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు.

"బండేదండీ?"

"గడియారం పట్టుకెళ్లింది." కూతురికి ఇంట్లో అదే పేరు. ఆసుపత్రిలో నర్సు, నిమిషాల లెక్కన బతికే పిల్ల. "ఆసుపత్రి వెనక కొత్త షెడ్డు ఉందిగా, అక్కడ వదిలేసి డ్యూటీకి వెళ్తానంది. నావల్ల కాలేదే. చేతనైనవాళ్లు చూస్తారు."

"ఆ బండిలో పిల్లనెలా పంపారు?"

"మెల్లగా వెళ్లమన్నాను. కొంచెం వదులు, అంతే. ఊడేదేం లేదు. మొదటిరోజే అన్నీ చూశాగా, గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి."

  చెప్పకపోతే కూతురు దక్కదు, చెబితే మొగుడు దక్కడు. ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు.

"పెడళ్ల పైన జాయింట్ బోల్టు... నేనే వదులు చేశానండీ."

"ఏ బోల్టు?"

"కడ్డీలు కలిసే చోటిది. ఒక చుట్టు. గీత కలిసేలా."

"ఎప్పుడు?"

"పది రోజులైంది."

తిడతాడనుకుంది, కొడతాడనుకుంది. అతను ఆమె వైపు కూడా చూడలేదు. "పది రోజులు. రోజూ గంటసేపు ఊపాన్నేను. ఈపాటికి ఇంకెంత వదిలిందో." స్పానర్ల సంచి దగ్గరికి లాక్కున్నాడు. "అది ఊడితే చేతిలో స్టీరింగ్ ఉంటుంది గానీ చక్రాలు దాని మాట వినవే. ఫోన్ చెయ్యి."

చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తకూడదని గడియారానికి నేర్పింది మేస్త్రీయే.

"రైలు గేటు," అన్నాడు లేస్తూ. "ఎనిమిదీ ఇరవైకి వేస్తారు. సందులోంచి వెళ్తే అందుకోవచ్చు. గేటు దాటితే పల్లం, కింద వంతెన..."  స్పానర్ల సంచి భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తాడు.

ఆమె వెనకాల పడింది. సందులో కుడిపక్క గోడకి ఆనించిన సైకిలుకి గుద్దుకుని అతను బోర్లా పడ్డాడు. లేచాడు. పది అడుగులు వెళ్లాక మళ్లీ కుడిపక్కే, చెత్తడబ్బా. ఆమె పరుగున వెళ్లి అతని కుడి మోచెయ్యి పట్టుకుంది. విదిలించుకుంటాడనుకుంది. విదిలించుకోలేదు. ఇద్దరూ అలాగే ఆయాసపడుతూ పరుగెత్తారు.

సందు చివర గంట వినిపించింది. గేటు వేసి ఉంది. ఆగిన వరసలో నాలుగోది వాళ్ల కారు. లోపల కూతురు రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. మేస్త్రీ అద్దం మీద కొట్టాడు.

"నాన్నా, ఇందాక మలుపులో తిప్పితే బండి తిరగలేదు. మళ్లీ గట్టిగా తిప్పితే తిరిగింది. నాకు చేతులాడలేదు నాన్నా."

"ఇంజను ఆపు. దిగమ్మా, దిగు."

రోడ్డు మీద మోకాళ్లూని, తలుపులోంచి తల దూర్చి, పెడళ్ల పైన వేళ్లతో తడిమాడు. నట్టు చివరి రెండు మరల మీద వేలాడుతోంది. ఇంకో మలుపు చాలు. అతను తల బయటికి తియ్యకుండా అలాగే ఉండిపోయాడు.

"ఎలా వదులైంది నాన్నా?"

"నేనే చేశాను," అంది తల్లి.

కూతురు నమ్మలేనట్టు చూసింది. "నువ్వా? నన్ను చంపేద్దామనుకున్నావా?"

"నువ్వెక్కుతావని కలగన్నానా తల్లీ?"

"అయితే నాన్న ఎక్కుతాడని చేశావా?"

"నాన్న ఎక్కకూడదని చేశాను."

మేస్త్రీ అప్పుడు బయటికొచ్చాడు. మోకాళ్లు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. "పది రోజులు," అన్నాడు. "నా చేతులు చచ్చిపోయాయని రోజూ ఏడ్చాను. నువ్వు చూస్తూ చూస్తూ టీ ఇచ్చావు."

"ఇచ్చాను," అంది ఆమె. ఇన్నాళ్లూ లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "ఏ తల్లి బిడ్డనో చక్రాల కింద వేసుకుని మీరు జన్మంతా ఏడవడం కన్నా, పది రోజులు నా కళ్ల ముందు ఏడవడమే నయమనుకున్నాను. ఆ రోజు అడ్డమొచ్చింది కుక్క కాదండీ. పిల్ల. నీలం సంచీ వేసుకుంది. మీరు అబద్ధమాడితే నేను నోరు మూసుకున్నాను."

రైలు వచ్చింది. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కనక ముగ్గురూ ఊరుకున్నారు. ఆఖరి పెట్టె దాటేసరికి మేస్త్రీ మొహం తడిసిపోయి ఉంది.

"పిల్లా?" అన్నాడు. "నేను పిల్లనీ చూళ్లేదు, కుక్కనీ చూళ్లేదు. నువ్వు కెవ్వుమంటే బ్రేకు తొక్కాను. గడియారం అడిగితే ఏదో ఒకటి చెప్పాలని కుక్కన్నాను. ఆ రోజు ఎవరు తప్పించుకున్నారో నాకు ఇప్పటిదాకా తెలీదే."

ఆమె కోపమంతా ఎక్కడికి పోయిందో. రెండు నెలలుగా ఆయన అబద్ధమాడుతున్నాడనే అనుకుంది, ఇంత భయాన్ని ఒంటరిగా మోస్తున్నాడనుకోలేదు. నడిరోడ్డని చూసుకోకుండా అతని తల గుండెకి అదుముకుంది. "చెప్పకూడదూ," అంది. "నాతో చెప్పకూడదూ."

గేటు లేచింది. వెనక హారన్లు మొదలయ్యాయి. కూతురు కళ్లు తుడుచుకుంటూ, పక్కనుంచి వెళ్లమని వాళ్లకి చెయ్యి ఊపింది.

మేస్త్రీ సంచిలోంచి స్పానర్ తీసి భార్యకిచ్చాడు. "నువ్వే బిగించు. నీ కళ్లు బాగున్నాయి."

ఆమె లోపలికి వంగి బిగించింది. చివరి బిగువుకి అతని చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది. ఆ చేతిలో పనేం పోలేదు. నట్టు మంచి బిగువు మీద ఆగింది. తర్వాత అతను సీసా అందించాడు.

"గీత గియ్యి."

"ఇంక నా గీత నమ్ముతారా?"

"నమ్మను. రోజూ చెయ్యి పెట్టి చూస్తాను," అన్నాడు ముక్కు ఎగబీల్చి. "నడపడం మాత్రం గడియారమే."

ఆమె వంగి, చెయ్యి అందీ అందకుండానే గీసింది. గీత వంకరపోయింది, సగం రంగు ఆమె బొటనవేలి మీదే ఒలికింది. మేస్త్రీ కారు ఒళ్లు తడుముకుంటూ వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె అతని కుడిపక్కన కూర్చుంది.

"షెడ్డుకేనా నాన్నా?" అంది కూతురు బండి స్టార్ట్ చేస్తూ.

"షెడ్డెందుకు, ఇంట్లో ఇద్దరం మెకానిక్కులం ఉండగా? మీ ఆసుపత్రికే పోనియ్. కళ్ల డాక్టరు ఎన్నింటికొస్తాడు?"

"తొమ్మిదింటికి," అంది గడియారం. 

పల్లంలో బండి చెప్పిన మాట విని తిన్నగా దిగింది. వంతెన మీద మేస్త్రీ భార్య చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాడు. బొటనవేలి గోరు మీద ఎర్రరంగు చూసి, తుడవడానికి జేబులోంచి గుడ్డ తీశాడు. తీసి, కాసేపు చూసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు. "నీకే కదా కొన్నాను."