తువ్వాలు కింద ఒడంబడిక

లంచాన్ని భూగోళం నుంచి వెలివేయడానికి నలభై దేశాలు రాసుకున్న ఒడంబడిక భవితవ్యం, ఆ ఉదయం, గుంతకల్లులోని ఒక వేరుశనగ మండీకి వచ్చి ఆగింది.

"వ్యాపారుల మద్దతు లేకపోతే అది చిత్తుకాగితం," బ్రీఫింగ్‌లో చీఫ్ చెప్పింది. "వాళ్ల తరఫున నారాయణస్వామి పదకొండుకు లైవ్‌లో సంతకం చేస్తాడు. ఆయన్ని కొనడానికి 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా తన మనిషి నిఖితను పంపింది. కొననివ్వకు. ఇదిగో, బటన్ కెమెరా. పట్టుబడితే నువ్వెవరో మాకు తెలియదు."

ఏజెంట్ జోయల్‌కు ఆ చివరి వాక్యం ఒక్కటే కంఠతా వచ్చింది.

హెడ్‌క్వార్టర్స్ మేధస్సుకు అందని సంగతి ఒకటుంది. నారాయణస్వామి మండీలో ధర నోటితో పలకరు. తువ్వాలు కింద కొనేవారు దళారి వేళ్లు ఎన్ని పట్టుకుంటే అంత ధర; దళారి అన్నే వేళ్లు అమ్మేవారి చేతికి పట్టి ఆ లెక్క చేరవేస్తాడు. కెమెరాకు చిక్కేది తువ్వాలే. అందుకే అసలు దళారి లక్ష్మన్నను ప్రభుత్వ ఖర్చుతో తీర్థయాత్రకు పంపి, జోయల్ అతని బదులు దళారి వేషం కట్టాడు.

"లక్ష్మన్న యాడప్పా?" నారాయణస్వామి అడిగాడు.

"మామకు జరమన్నా. నన్ను పంపినాడు."

"నీ చెయ్యేంది, ఇంత తడిగుండాది?"

"నాకూ వస్తాండాదేమోన్నా, జరం."

పది యాభై ఎనిమిది. లాప్‌టాప్ తెర మీద నలభై దేశాల ప్రతినిధులు టైలు సవరించుకుంటున్నారు. ఇటువైపు కెమెరా ఇంకా తెరుచుకోలేదు.

నిఖిత వచ్చి జోయల్ పక్కనే కూర్చుంది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, ఒడిలో హ్యాండ్‌బ్యాగ్.

"సంతకం మానుకుంటే చాలు. వేలికి కోటి," అంది నారాయణస్వామితో. బ్యాగులోంచి చల్లనిదేదో జోయల్ పక్కటెముకలకు ఆనింది. తుపాకీ సైలెన్సర్. "లెక్క తప్పావో..." అతని చెవిలో గుసగుస.

తువ్వాలు కింద ఆమె అతని ఐదు వేళ్లూ పట్టుకుంది.

జోయల్ లెక్క వేసుకున్నాడు. నిజం చేరవేస్తే చచ్చేది ఒడంబడిక; అబద్ధం చేరవేస్తే తాను. ఎటూ తేలకముందే, చెమటతో జారుతూ అతని చేయి నారాయణస్వామి చేతిని చేరింది.

ఆ జారుడులో పట్టుకు చిక్కింది ఒక్క వేలు. అదీ చిటికెనది.

నారాయణస్వామి ముఖం జేవురించింది. తువ్వాలు విసిరికొట్టాడు.

"నా సంతకానికి ఇంతేనా? కుంటి ఎద్దుకైనా మూడు వేళ్లకు తక్కువ అడిగినోడు ల్యాడు ఈడ! యాయ్, ఆ కెమెరా పెట్టండప్పా!"

కెమెరా వెలిగింది. సైలెన్సర్ పక్కటెముకల్లోకి ఇంకాస్త దిగి, నలభై దేశాల కళ్లెదుట, మర్యాదగా బ్యాగులోకి వెనుదిరిగింది. జోయల్ అప్పుడు ఊపిరి పీల్చాడు.

"ఈ నారాయణస్వామిని దుడ్లతో కొనేటోడు ఇంగా పుట్టలేదు!"

సరిగ్గా పదకొండుకు సంతకం పడింది. ఖండాంతరాలు చప్పట్లు కొట్టాయి. నిఖితను చీఫ్ మనుషులు గుమ్మంలోనే అందుకున్నారు.

లాప్‌టాప్ మూశాక, ఆ మహనీయుడు తువ్వాలు దులిపి జోయల్‌ను పక్కకు పిలిచాడు.

"నిజం చెప్పప్పా. ఆయమ్మ పట్టుకున్నేది ఎన్ని వేళ్లు?"

జోయల్ రెండు చేతులూ జేబుల్లో దాచుకున్నాడు. ఒడంబడిక అమల్లో ఉన్నంతకాలం వాటిని బయటికి తీయరాదని తీర్మానించుకున్నాడు.